తమ్ముడు తెచ్చిన కారు

"సల్దన్నం కలిపీసి ఎంతసేపయినాదో! లెగవేటి?"

జగన్నాధం లేవలేదు. వీధి అరుగు మీద, కారు వైపు వీపు తిప్పి కూర్చున్నాడు. చేతిలో చుట్ట ఎప్పుడో ఆరిపోయింది. మళ్ళీ వెలిగించుకోవాలన్న ధ్యాస కూడా లేదు ఆయనకి.

నారాయణమ్మ గడప దాటి వచ్చి స్తంభానికి ఆనుకుంది. మొగుడు అరుగు మీద, తమ్ముడు పడమటింట్లో, కోడలు వంటింట్లో. ఎవరూ ఎవరితోనూ నోరారా మాట్లాడటం లేదు. అందరి మధ్యా తిరిగి తిరిగి ఆమెకే కాళ్ళు పీకుతున్నాయి.

కారు సందులో సగం ఆక్రమించుకుని నిలబడి ఉంది. లేతాకుపచ్చ రంగు చిన్న కారు. ఈమధ్యే పూసినట్టున్నారు, ఎండ తగిలినచోట రంగు వాసన గుప్పుమంటోంది. నారాయణమ్మ తమ్ముడు నరసింగరావు నిన్న సాయంత్రం విజయనగరం నుంచి దాన్ని తోలుకొచ్చి, ఇంటిముందు హారను మోగించి మరీ దిగాడు. అప్పటినుంచీ ఇల్లు ఇలాగే ఉంది.

"ఏటయినాదో సెప్పు. నువ్వలగ మూతి బిగించుకుని కూకుంటే నాకేటి తెలుస్తాది?"

"పొద్దున్న బానెట్టు మీద సెయ్యెట్టి సూసినాను," అన్నాడు జగన్నాధం. "సుర్రుమన్నాది."

"అయితే?"

"అయితే ఏటే! రేత్రి అన్నాలకాడ ఆడితో సెప్పినాను. తెల్లారి నా ముందర ఇంజను తిప్పుదువు గాని, నేను సూడాలని. పాత బండి కొనీవోడు ముందుగాల సల్లటి ఇంజను సూడాలి. సల్లగున్నప్పుడు ఎలగ అందుకుంటాదో, ఎలటి పొగొస్తాదో అప్పుడే బయటపడతాది. లారీ ఆపీసుకాడ ఎవుల్నడిగినా అదే మాట. నీ తమ్ముడికి తెలీదేటి? నేను లెగకముందే తిప్పీసి, వేడెక్కించీసి, ఏటీ ఎరగనట్టు మళ్ళీ తొంగున్నాడు."

"నీకెందుకు శ్రమ అని సేసుంటాడు."

జగన్నాధం ఆమె ముఖంలోకి చూశాడు.

నారాయణమ్మే చూపు తిప్పేసుకుంది. తెల్లవారుజామున కళ్ళాపి చల్లడానికి తలుపు తీసినప్పుడు సందంతా నీలంపొగ కమ్ముకుని ఉంది. నూనె మాడిన ఘాటు గొంతులో పట్టుకుంది. పొగ మధ్యలోంచి నరసింగరావు తల పైకెత్తి, "ఏటీ నేదప్పా, పెట్రోల్లో చెత్తుంటే ఇలగే వస్తాది," అన్నాడు. ఆమె నమ్మలేదు. నమ్మలేదన్న సంగతి మొగుడికి చెప్పనూ లేదు.

చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన తమ్ముడు. పొలం గట్టు తగాదాలో బావతో మాటా మాటా అనుకుని, ఏళ్ళ తరబడి ఈ గుమ్మం తొక్కలేదు. కారు కోసం బావ వెతుకుతున్నాడని తెలిసి, తనంతట తానే వచ్చాడు. ఇప్పుడు కారు వద్దంటే, వద్దన్నది కారునొక్కదాన్నే కాదు.

వంటింట్లో గిన్నె కింద పడ్డ చప్పుడయింది. ఇద్దరూ అటు తిరిగారు. తర్వాత ఏ చప్పుడూ రాలేదు.

కోడలు నీలవేణికి ఏడో నెల. ఈ కారు గొడవంతా ఆ పిల్ల కోసమే. కిందటేడు తుపాను రోజుల్లో నొప్పులొస్తే, బస్సులు తిరగక, ఎడ్లబండి కట్టి శ్రీకాకుళం బయల్దేరారు. మడపాం వంతెన ఇవతలే, వానలో, బండిలోనే పురుడైంది. మగపిల్లాడు. ఏడవలేదు. ఎడ్లను వెనక్కి తిప్పింది జగన్నాధమే. ఆ తర్వాత ఆయన ఆ మాట ఒక్కసారీ ఎత్తలేదు. కోడలు మళ్ళీ నెల తప్పిందని తెలిసిన రోజున మాత్రం, గోగునార కొట్టు నుంచి పెందలాడే ఇంటికొచ్చి, "కారు కొంటాను" అన్నాడు. అంతే. కొడుకు చినబాబు కాదనలేదు. ఇప్పుడతను నార లారీ వెంట బరంపురం వెళ్ళి ఉన్నాడు.

"ఏటి బావా, ఇంకా అలకేనా?"

నరసింగరావు తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ బయటికొచ్చాడు. టెరిలిన్ చొక్కా, చేతికి గడియారం. నవ్వు ముఖం. ఆ నవ్వు చూస్తే నారాయణమ్మకు చిన్నప్పటి నుంచీ ఒకటే భయం.

"అలకెందుకురా," అన్నాడు జగన్నాధం. "అడిగినదానికి జవాబు సెప్పు. కాళ్ళకింద పట్టా ఎత్తి సూసినాను. తుప్పు తినీసినకాడ రేకు మీద రేకేసి అతికినారు. ఏ సముద్రం ఒడ్డున తిరిగినాది ఈ బండి?"

"పాత బండంటే ఆమాత్రం అతుకులుండవేటి? కొత్తది కావాలంటే పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి కూకోవాలి. కోడలమ్మాయి అన్నాళ్ళు ఆగుతాదేటి?"

ఆ మాట తగలాల్సినచోటే తగిలింది. జగన్నాధం ఆరిన చుట్టను సందులోకి విసిరేశాడు.

"స్టీరింగు తిప్పితే సక్రం ఆలోసించి ఆలోసించి తిరుగుతన్నాది."

"బిగిస్తే సరిపోద్ది. బావా, నోటితో ఎన్నిమాట్లు తిప్పుతావు ఈ బండిని? ఎక్కు. శ్రీకాకుళం తీసుకెళ్ళి తీసుకొస్తాను. ఎలగూ అమ్మాయిని డాక్టరమ్మకి సూపించాలన్నారు గదా. దారిలో ఎక్కడన్నా మొరాయిస్తే, అక్కడే దిగిపోయి నా మొకాన ఉమ్మీ."

జగన్నాధం పెళ్ళాం వైపు చూశాడు. ఎంత అలసిపోయిన చూపో అది. 'నువ్వే చెప్పు' అన్నట్టుంది.

"ఎల్దామయ్యా," అంది నారాయణమ్మ. "ఎల్లొస్తే తేలిపోతాది."

పిలిస్తే నీలవేణి వచ్చింది. చీర మార్చుకుంది. కారు తలుపు తీసి పట్టుకుంటే ఎక్కి కూర్చుంది. వస్తావా అని ఎవరూ అడగలేదు, వస్తానని ఆమె అనలేదు.

*

పొద్దెక్కేసరికి ఇంజను చల్లారినట్టుంది, ఒక్కసారికే అందుకుంది. బండి బాగానే పరిగెత్తింది. ఆ మాట ఒప్పుకోవాలి. నరసన్నపేట దాటి పెద్దరోడ్డెక్కాక కిటికీలోంచి గాలి కొట్టి, నారాయణమ్మకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. కాళ్ళ దగ్గర నీళ్ళ డబ్బా ఒకటి దొర్లుతోంది. అది ఎందుకని ఆమె అడగలేదు. కాళ్ళ కింద రేకు వేడెక్కుతోంది. అదీ అనలేదు.

నరసింగరావు మాట్లాడుతూనే ఉన్నాడు. విజయనగరంలో ఎవరెవరు కార్లు కొన్నారో, ఎవరు ఎలా మోసపోయారో.

"రంగు సూసి మోసపోతారు బావా జనం. గేరు బాక్సులో రంపంపొట్టు పోసి అమ్మీసినోళ్ళున్నారు. అది నాలుగు రోజులు సప్పుడు సెయ్యదు, అయిదో రోజు పళ్ళూడిపోతాయి. మనోడయితే అలటి బయం ఉండదు."

"మనోడయితే," అన్నాడు జగన్నాధం, ఎదురుగా వస్తున్న పోలీసు వేన్లను చూస్తూ. అవి ఒకదాని వెనక ఒకటి ఏజెన్సీ కొండల వైపు పోతున్నాయి.

మడపాం వంతెన వచ్చింది.

నరసింగరావు కూడా మాట ఆపాడు. నీలవేణి కళ్ళు మూసుకుంది. నారాయణమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా, తడిగా ఉంది. ముందు సీట్లో జగన్నాధం మెడ బిగపట్టి, తిన్నగా రోడ్డు మీదే చూపు నిలిపాడు. కింద వంశధారలో నీళ్ళు పాయలు పాయలుగా పారుతున్నాయి.

దాటాక నీలవేణి చెయ్యి మెల్లగా వెనక్కి లాక్కుని కడుపు మీద పెట్టుకుంది. ఊరొచ్చేదాకా అక్కడినుంచి తియ్యలేదు.

*

లేడీ డాక్టరు ఊళ్ళో లేదు. ఏదో కష్టమైన కేసని పల్లెకి పిలుచుకుపోయారట. చీకటిపడేలోగా రావచ్చు, లేకపోతే రేపు ఉదయం రమ్మంది నర్సు. నీలవేణి నర్సుతో ఏదో చెప్పబోయి, వెనకే నిలబడ్డ మామగారిని చూసి ఊరుకుంది.

"అయితే రేపే వద్దాం," అన్నాడు జగన్నాధం. "ఇప్పుడు కారుందిగా." ఆ మాట ఆయన నోట అప్పుడే మొదటిసారి రావడం. వెటకారమో, ఒప్పుకోలో నారాయణమ్మకు అర్థం కాలేదు.

ఆస్పత్రి పక్కసందు ఏటిగట్టు వైపు వాలుగా దిగుతుంది. కారు ఆ వాలులోనే ఆపి ఉంది. ఇంజను తిరుగుతూనే ఉంది. నరసింగరావు స్టీరింగు ముందు అలాగే కూర్చున్నాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. బానెట్టు సందుల్లోంచి సన్నగా ఆవిరి.

"దిగరా, టీ తాగుదాం," అన్నాడు జగన్నాధం.

"నాకొద్దు బావా. మీరు తాగొచ్చీండి."

"అంత ఎండలో కూకుని ఏటి సేస్తావు?"

"పర్లేదు, పర్లేదు."

జగన్నాధం హోటలు వైపు నడిచాడు. నారాయణమ్మ కదలలేదు. తమ్ముణ్ణి చూస్తూ నిలబడిపోయింది.

టీ అంటే మైలు దూరం నడిచేవాడు వీడు. ఆస్పత్రిలో వాళ్ళు ఎంతసేపు కాచుకున్నారో అంతసేపూ ఈ ఎండలో, ఈ వేడిలో, ఇంజను తిప్పుతూ కూర్చున్నాడు. దారిలో పెట్రోలు బంకు దగ్గర ఇంజను ఆపమంటే, బంకువాడితో కయ్యం పెట్టుకుని, పోయించుకోకుండానే వచ్చేశాడు. నిన్న సాయంత్రం ఇంటికి రాగానే ఆపినవాడు, మళ్ళీ తెల్లారేదాకా దాని జోలికి పోలేదు. వీధిలో పిల్లలు ఎక్కించమని ఎంత బతిమాలినా, "రేపు, రేపు" అన్నాడు.

ఆమెకు కార్ల సంగతి ఏమీ తెలియదు. తమ్ముడి సంగతి తెలుసు. చిన్నప్పుడు పగలగొట్టిన కుండ ముందు ఇలాగే, అడుగు పక్కకి వెయ్యకుండా, అడ్డంగా కూర్చునేవాడు.

"నరసింగా."

"ఏటప్పా?"

"ఇంజనాపు."

"ఎందుకూ? ఎలాగూ బయల్దేరీడమే గదా."

"తల దిమ్మెక్కిపోతన్నాది ఆ సప్పుడికి. ఓపాలి ఆపు."

"అప్పా, నీకు తెలీదు. ఊరికే ఆపడం, తిప్పడం ఇంజనుకి మంచిది కాదు."

"ఆపరా."

అతను నవ్వబోయాడు. నవ్వు సగంలోనే తేలిపోయింది. స్టీరింగు మీద చేతులు బిగిశాయి. కళ్ళు ఎత్తి అక్క ముఖంలోకి చూశాడు, వద్దప్పా అన్నట్టు. అంత బతిమాలింపు ఆ కళ్ళలో ఆమె ఎన్నడూ చూడలేదు. ఆమె ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో వెనక్కి తగ్గి ఉంటే, ఎప్పటిలాగే అంతా సర్దుకుపోయేది.

నారాయణమ్మ కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళంచెవి తిప్పేసింది.

సందు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఎక్కడో బట్టలు ఉతుకుతున్న చప్పుడు వినిపించింది.

"ఇప్పుడు తిప్పు," అంది.

నరసింగరావు కదలలేదు.

"తిప్పరా."

తాళం తిప్పి, సెల్ఫు స్టార్టరు లాగాడు. ఇంజను ఒక్క మూలుగు మూలిగింది. మళ్ళీ లాగాడు. మూలుగు కూడా రాలేదు. మళ్ళీ. మళ్ళీ. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల దించుకున్నాడు.

టీ తాగి వచ్చిన జగన్నాధం కారు వెనకే నిలబడి ఇదంతా చూశాడని అప్పుడు తెలిసింది ఆమెకు.

"వేడెక్కితే బిగిసిపోద్ది," అన్నాడు నరసింగరావు, ఎవరివైపూ చూడకుండా. "సల్లారేదాకా తిరగదు. మొత్తం ఇంజను విప్పి బాగుసెయ్యాలంటారు. నాకూ ఇలగే అంటగట్టీసినారప్పా. కొత్త రంగు సూసి తీసీసుకున్నాను. విజినారంలో అందరికీ తెలిసిపోనాది. ఎవులూ తీసుకోరు."

"అందుకని నా ఇంటికి తెచ్చినావు."

"నువ్వయితే... తిట్టీసి ఊరుకుంటావనుకున్నాను."

నారాయణమ్మకు ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. ఏళ్ళ తరబడి రాని తమ్ముడు వచ్చాడని నిన్న ఎంత సంబరంగా బొబ్బట్లు చేసిందో గుర్తొచ్చింది. నడుం నొప్పి ఇవాళ్టికీ తగ్గలేదు.

"ఈ పిల్ల నొప్పులు పడుతుంటే," అందామె, "రోడ్డు మీద ఇదాగిపోతే ఏటి సేద్దుమనుకున్నావురా?"

జగన్నాధం అరుస్తాడని ఆమె ఎదురుచూసింది. ఆయన అరవలేదు. కండువా తీసి నడుముకు బిగించుకున్నాడు.

"నూకితే అందుకుంటాదేట్రా?" అని మాత్రం అడిగాడు.

"వాలుంది గదా. అందుకుంటాది."

"అయితే నూకుదాం. ఇంటికి సేర్సినాక సూద్దాం."

అందుకే వాలులో ఆపాడన్నమాట. ఆ సంగతి మొగుడికీ పెళ్ళానికీ ఇద్దరికీ అర్థమైంది.

"నేను రాను మావా."

ముగ్గురూ తిరిగి చూశారు. నీలవేణి గోడ నీడలో నిలబడి ఉంది. పొద్దుట్నుంచీ ఆమె గొంతు వినడం అదే మొదలు.

"రావేటి? మరెక్కడుంటావు?"

"లక్ష్మణమ్మ పిన్ని ఇల్లు ఈ పక్క వీధిలోనే గదా. పురుడయ్యేదాకా అక్కడుండిపోతాను. ఆస్పత్రికి నడిసెల్లిపోవచ్చు."

జగన్నాధం కోడలి వైపు ఒక అడుగు వేశాడు. "ఈ మాట ముందే సెప్తే... ఇన్నాళ్ళూ నేను ఊరూరా కారు కోసం..."

"నన్నెవులడిగినారు మావా?"

గొంతులో కోపం లేదు. అందుకే ఆ మాట అంత బరువుగా పడింది. జగన్నాధం కండువా ముడి విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. కారు వెనక్కి వెళ్ళి, రెండు చేతులూ ఆనించి, తల వంచి తొయ్యడం మొదలుపెట్టాడు. దారినపోయే ఇద్దరు మగవాళ్ళు వచ్చి చెయ్యేశారు. కారు వాలులో కదిలింది, ఊగింది, ఒక్క కుదుపుతో అందుకుంది. నీలంపొగ సందంతా నిండింది.

"ఎక్కండి, ఎక్కండి! ఆగితే మళ్ళీ అందుకోదు!" నరసింగరావు కేకలు పెడుతున్నాడు.

జగన్నాధం రొప్పుతూ ముందు సీట్లో కూలబడ్డాడు. వెనక తలుపు తెరిచే ఉంది. నారాయణమ్మ దాని మీద చెయ్యి వేసింది. ఇంటి దగ్గర పాలు తీసేవాళ్ళు లేరు. మొగుడికి అన్నం పెట్టేవాళ్ళు లేరు. బావా బావమరుదులిద్దరూ దారిపొడవునా ఏమనుకుంటారో, ఇంటికి చేరాక ఏమనుకోకుండా ఉంటారో.

"నారాయణా," అన్నాడు జగన్నాధం. ఆయన పేరుపెట్టి పిలవడం ఎంత అరుదో!

ఆమె తలుపు బయటినుంచే మూసింది.

"నువ్వెల్లు. గుంటనొక్కదాన్నీ ఒగ్గీసి నాను రానేను. ఆడితో తగువెట్టుకోకు."

కారు గట్టు మలుపు తిరిగిపోయింది. పొగ మాత్రం కాసేపు మిగిలింది. మలుపు దగ్గర జగన్నాధం తల కిటికీలోంచి బయటికి వచ్చి వెనక్కి చూడటం కనిపించింది, అంతే.

నారాయణమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని కోడలి వైపు తిరిగింది. "పద, మీ పిన్నింటికి. నీకోసం ఇంత..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

నీలవేణి గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుంటోంది. ఇందాకటి నిబ్బరం ముఖంలో లేదు. రెండు చేతులూ కడుపు మీదే ఉన్నాయి.

"అత్తా," అంది. "మగోళ్ళ ముందర సెప్పనేకపోనాను."

"ఏటే?"

"మడపాం దాటినకాణ్ణుంచి కడుపులో గుంట కదలనేదత్తా."

ఆస్పత్రి ముందు, మధ్యాహ్నమైందని కాబోలు, కావలివాడు గేటుకి గొలుసు చుడుతున్నాడు.